దిద్దిన కాగితం అడగండి

ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పాను. ఏటా వేసవిలో గుంటూరులో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లి, ముక్కూ మొహం తెలియని పిల్లల పేపర్లు కట్టలు కట్టలు దిద్దాను. రిటైరయ్యాక డాలస్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. మా మనవడు నాలుగో తరగతి నుంచి ఇంట్లోనే చదువుకున్నాడు. హైస్కూలు నాలుగేళ్లూ యూనివర్సిటీలు నడిపే ఆన్‌లైన్ బడుల్లో చదివి 2020లో డిప్లొమా తీసుకున్నాడు. ఇప్పుడు గుడిలో ప్రసాదం దగ్గర, బారసాలల్లో, పిల్లల్ని ఇంట్లో చదివించుకుంటున్న తల్లులు నన్ను పక్కకి పిలిచి అడుగుతుంటారు, "ఆంటీ, ఏ బడి మంచిది?" అని. నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగేది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

1. ఇంట్లో ఏం తక్కువైందో ముందు చూసుకోండి

అమెరికాలో పిల్లల్ని ఇంట్లో చదివించడం 1993 నుంచి యాభై రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే. మా టెక్సస్‌లో అయితే ఇంటి బడిని ప్రైవేటు స్కూలుగానే లెక్కేస్తారు. తల్లే ట్రాన్స్‌క్రిప్ట్ తయారుచేసి సంతకం పెట్టొచ్చు, కాలేజీలు దాన్ని తీసుకుంటాయి కూడా. కాబట్టి డిప్లొమా కోసమని కంగారుపడి బడి వెతకొద్దు.

మావాడికి ఎనిమిదో తరగతి అయ్యేసరికి లెక్కలు గట్టిగా వచ్చాయి. లైబ్రరీ నుంచి సంచి నిండా పుస్తకాలు తెచ్చుకుని చదివేవాడు. తక్కువైందల్లా ఒక్కటే. వాడు రాసింది చదవడానికి వాళ్లమ్మా నేనూ తప్ప మూడో మనిషి లేరు. వాడేం చెప్పబోతున్నాడో మాకు ముందే తెలుసు, వాక్యం సగంలో తెగినా మిగతా సగం మేమే పూరించుకుని "బాగుంది నాన్నా" అనేవాళ్లం. వాడి చదువుకి సాక్షులం కూడా మేమే. రేపు కాలేజీవాళ్లు ఈ అబ్బాయి గురించి చెప్పమంటే కన్నతల్లి తప్ప చెప్పేవాళ్లు లేరు. మేం బడి వెతికింది ఈ రెండింటి కోసం: వాడు రాసింది చదివే బయటి మనిషి, వాడి గురించి సాక్ష్యం చెప్పే బయటి మనిషి.

మీ ఇంట్లో తక్కువైంది ఇంకోటి కావచ్చు. సైన్సు ల్యాబు కావచ్చు, వేళకి లేచి కూర్చునే అలవాటు కావచ్చు, తోటిపిల్లలు కావచ్చు. అదేమిటో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. బడులవాళ్లు పంపే బ్రోషర్లు చదివేటప్పుడు కళ్లు ఆ కాగితం మీద ఉండాలి.

2. యూనివర్సిటీ పేరు దగ్గరే ఆగిపోవద్దు

ఈ బడులన్నీ ఒక తానులో గుడ్డలు కావు. నెబ్రాస్కా యూనివర్సిటీ హైస్కూలు 1929లో పోస్టులో పాఠాలు పంపడంతో మొదలైంది. పల్లెల్లో ఉన్న పిల్లలకి అందని చదువు అందించడానికి పుట్టిన బడి అది. ఎవరి వేగంతో వాళ్లు చదువుకునే పద్ధతి ఈనాటికీ దాని ఒంట్లో ఉంది. లబ్బక్‌లోని టెక్సస్ టెక్ 1993 నుంచి చిన్నపిల్లల తరగతుల దగ్గర్నుంచి పన్నెండు దాకా బడి నడుపుతోంది. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ హైస్కూలు 1998లో వచ్చింది. మిస్సోరీ యూనివర్సిటీకి మిజ్జూ అకాడమీ ఉంది. స్టాన్‌ఫర్డ్ ఆన్‌లైన్ హైస్కూలు 2006లో మొదలైంది. అక్కడ పిల్లలు వేళకి కెమెరా ముందు కూర్చుని టీచరుతో, తోటివాళ్లతో వాదించాలి. పూర్తికాలం చదివేవాళ్లు హైస్కూల్లో తత్వశాస్త్రం ఆధారంగా అల్లిన కోర్సులు తప్పనిసరిగా చదవాలి. ప్రవేశం కూడా అంత తేలిక కాదు.

మనవాళ్లలో ఒక నమ్మకం బలంగా ఉంది, ఫలానా యూనివర్సిటీ బడిలో చదివితే అదే యూనివర్సిటీలో సీటు వస్తుందని. రాదు. ఆ ప్రవేశం వేరు, ఈ ప్రవేశం వేరు. ఇంకో సంగతి, కొన్నిచోట్ల పేరు యూనివర్సిటీది, పాఠాలూ టీచర్లూ బయటి కంపెనీవి. అందులో మోసమేమీ లేదు కానీ మీకు తెలిసుండాలి. ఫోన్ చేసినప్పుడు "టీచర్లకి జీతం ఇచ్చేది యూనివర్సిటీయేనా?" అని అడగండి. మర్యాదగా అడిగితే మర్యాదగానే చెప్తారు.

3. చేర్చేముందు దిద్దిన కాగితం ఒకటి అడగండి

నేను చెప్పేవాటిలో ఒక్కటే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి.

మొదటి సెమిస్టరుకి మేం చేర్చిన బడి పేరు చెప్పను. వెనకాల పెద్ద యూనివర్సిటీయే ఉంది. వెబ్‌సైటు చూసి మా అల్లుడు ముచ్చటపడ్డాడు. సెప్టెంబరులో మావాడు ఇంగ్లీషు కోర్సుకి మొదటి వ్యాసం పంపాడు. పంతొమ్మిదో రోజున తిరిగొచ్చింది. 92 మార్కులు, కింద "చాలా బాగా రాశావు" అని ఒక్క ముక్క. రెండో వ్యాసం హడావుడిలో పంపాడు. దానికి 94 వచ్చాయి. అది వచ్చిన రాత్రి వాడు ల్యాప్‌టాప్ పట్టుకుని నా గదిలోకి వచ్చి, "అమ్మమ్మా, ఇది చూడు" అన్నాడు. రెండో పేజీలో ఒక పేరా రెండుసార్లు అతికించేశాడు. అక్షరం తేడా లేకుండా అదే పేరా, ఒకదాని కింద ఒకటి. "వాళ్లు చదవలేదు అమ్మమ్మా" అన్నాడు. మార్కులు బాగానే వచ్చాయిగా అని వాళ్ల నాన్న సర్దిచెప్పబోయాడు. వాడి మొహం మాత్రం తేటపడలేదు. ఆ తర్వాత వాడి రాతలో శ్రద్ధ పోవడం నేను నా కళ్లతో చూశాను. చదవరని తెలిశాక పిల్లవాడు ఎందుకు రాస్తాడు?

డిసెంబరులో మాన్పించాం. కట్టిన ఫీజు పోయింది. రెండో బడిని ఎంచుకునేటప్పుడు పట్టు నేను పట్టాను. "దిద్దిన వ్యాసం ఒకటి, దిద్దిన లెక్కల పేపరు ఒకటి, పిల్లల పేర్లు చెరిపేసి చూపించండి" అని మా అమ్మాయి చేత నాలుగు బడులకి రాయించాను. ఒక బడి నుంచి జవాబే లేదు. ఒక బడి మార్కులు వేసే పద్ధతిని వివరించే పట్టిక పంపింది. మూడో బడివాళ్లు, పిల్లల కాగితాలు బయటికి ఇవ్వడం కుదరదనీ, కావాలంటే టీచరుతో మాట్లాడిస్తామనీ అన్నారు, అదీ మంచిదే. నాలుగో బడి రెండూ పంపింది. లెక్కల పేపరు నేను చూశాను. మూడో మెట్టులో పిల్లవాడు గుర్తు తప్పేశాడు, అక్కణ్నుంచి చివరిదాకా తప్పు జవాబే నడిచింది. దిద్దినవాళ్లు ఆ మూడో మెట్టు దగ్గర గీత గీసి, ఇక్కడి నుంచి పద్ధతి సరిగానే ఉందని రాసి, ఒక్క మార్కే తగ్గించారు. స్పాట్‌లో మా చీఫ్ ఎగ్జామినరు మాకు నేర్పింది సరిగ్గా ఇదే. "ఈ బడిలో చేర్చండి" అన్నాను.

ఆ ఏడు ఫిబ్రవరిలో మావాడు దుగ్గిరాల పక్కన మా తమ్ముడి పసుపు చేను గురించి వ్యాసం రాశాడు. సెలవులకి వెళ్లినప్పుడు చూసొచ్చిందే. నాలుగో రోజున తిరిగొచ్చింది. పక్కన పదకొండు చోట్ల రాతలున్నాయి. ఒకటి నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. "పసుపుని తవ్వాక ఉడకబెడతారని రాశావు. ఎందుకు ఉడకబెడతారు? ఉడికిందని వాళ్లకి ఎలా తెలుస్తుంది? నేను ఆ పొలం ఎప్పుడూ చూడలేదు, నువ్వు చూశావు." ఆ టీచరు మొక్కజొన్న చేల మధ్య ఊళ్లో ఉంటుందట. మావాడు ఆ రాత్రే చిన్నతాతయ్యకి ఫోన్ చేశాడు. మాకు రాత్రి, అక్కడ పొద్దున. ఉడకబెడితే రంగు కొమ్మంతా సమంగా పడుతుందనీ, తొందరగా ఎండుతుందనీ, మొలకెత్తదనీ మా తమ్ముడు చెప్పాడు. నురగ పొంగి వాసన మారుతుంది, పుల్ల గుచ్చితే మెత్తగా దిగుతుంది, అప్పుడు దించేయాలి, ఆ తర్వాత పది పదిహేను రోజులు కళ్లంలో ఎండాలి. వాడు నోటుబుక్కులో రాసుకుంటూ "పుల్ల ఎంత లావుండాలి తాతయ్యా?" అని అడిగాడు. ఇంట్లో నేనూ వాళ్లమ్మా ఆ వ్యాసం చదివి మురిసిపోయాం తప్ప, ఆ ప్రశ్నలు మాకు తట్టలేదు. మాకు పసుపు తెలుసు కాబట్టి తట్టలేదు.

కాగితం ఎన్ని రోజుల్లో తిరిగొస్తుందో కూడా అడగండి. వారం దాటితే, తను ఏం రాశాడో పిల్లవాడే మర్చిపోతాడు.

4. ఒక్క మంగళవారం ఎలా గడుస్తుందో రాసి చూసుకోండి

పొద్దున ఎనిమిదికి బిడ్డ ఎక్కడ కూర్చుంటాడు, పదకొండుకి ఏం చేస్తుంటాడు, సందేహం వస్తే ఎవరిని అడుగుతాడు, జవాబు ఎప్పుడొస్తుంది. ఇవి రాసుకుంటే రెండు రకాల బడుల మధ్య తేడా తేటగా కనిపిస్తుంది. వేళకి తరగతి ఉండే బడిలో గంట కొట్టినట్టే, లేవక తప్పదు. ఎవరి వేగంతో వాళ్లు చదివే బడిలో బరువంతా పిల్లవాడి మీదే పడుతుంది. తనంత తను కూర్చునే పిల్లలకి అది వరం. కూర్చోలేని పిల్లలకి పాఠాలన్నీ గడువు చివరి మూడు వారాల్లో మీద పడతాయి. మాకు తెలిసిన ఒక కుటుంబంలో అలా జరిగి, ఆ అమ్మాయి డిసెంబరంతా ఏడ్చింది. పిల్ల తెలివికి ఏ లోటూ లేదు. పదిహేనేళ్ల పిల్లకి నాలుగు నెలల గడువు ఒకేసారి చేతికిస్తే ఎలా పంచుకోవాలో ఎవరూ చూపించలేదు.

స్టాన్‌ఫర్డ్ తరగతుల వేళలు పసిఫిక్ కాలమానంలో ఉంటాయి. అక్కడ పొద్దున తొమ్మిదంటే హైదరాబాద్‌లో ఎండాకాలం రాత్రి తొమ్మిదిన్నర, చలికాలం పదిన్నర. ఇండియా నుంచి చేర్చాలనుకునేవాళ్లు ఇది గడియారం ముందు కూర్చుని లెక్కేసుకోవాలి.

2020 మార్చిలో కరోనాతో ఊళ్లో బడులన్నీ రాత్రికి రాత్రి ఆన్‌లైన్ అయిపోయి ఇళ్లన్నీ అల్లకల్లోలమయ్యాయి. మా ఇంట్లో మాత్రం మంగళవారం మంగళవారంలాగే గడిచింది.

5. గుర్తింపు, క్రెడిట్లు: చేరకముందే రాతలో తీసుకోండి

కాగ్నియా, పడమటి రాష్ట్రాల్లో డబ్ల్యూఏఎస్‌సీ లాంటి సంస్థల గుర్తింపు ఉందో లేదో బడివాళ్ల మాట మీద వదిలేయకుండా ఆ సంస్థల జాబితాలోనే చూసుకోండి. అది పది నిమిషాల పని. అసలు చిక్కు క్రెడిట్ల దగ్గర వస్తుంది. ఇంట్లో చదివిన తొమ్మిదో తరగతిని పదిలో చేర్చుకునే బడి ఒప్పుకుంటుందా? కొన్ని ఒప్పుకోవు. కొన్ని పరీక్ష పెడతాయి. డిప్లొమాకి కనీసం ఇన్ని క్రెడిట్లు మా దగ్గరే చదవాలని నియమం ఉంటుంది. అందుకే వెతకడం ఎనిమిదో తరగతిలోనే మొదలుపెట్టమంటాను.

టెక్సస్‌లో ఒక మంచి వెసులుబాటుంది. టెక్సస్ టెక్, ఆస్టిన్ యూనివర్సిటీ 'క్రెడిట్ బై ఎగ్జామ్' అని పరీక్షలు పెడతాయి. తరగతిలో కూర్చోకుండా నేర్చుకున్న పాఠానికి పరీక్షలో 80 శాతం తెచ్చుకుంటే క్రెడిట్ వస్తుంది. అంతకుముందు బడిలో ఆ కోర్సు చదివినవాళ్లకైతే 70 చాలు. మావాడు ఆల్జీబ్రా నా దగ్గర వంటింటి బల్ల మీద నేర్చుకున్నాడు. ఆ పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకున్నాడు.

6. ఫీజు కోర్సుల లెక్కన వేసుకోండి

స్టాన్‌ఫర్డ్‌లో పూర్తికాలం చదివితే ఏడాదికి పాతిక వేల డాలర్లు దాటుతుంది. రాష్ట్ర యూనివర్సిటీల బడుల్లో సెమిస్టరు కోర్సుకి కొన్ని వందల డాలర్లతో పోతుంది. ఆరిజోనాలో ఉండేవాళ్లకి ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ల ఏఎస్‌యూ ప్రెప్ డిజిటల్‌లో ఫీజే లేదు. పైకి కనిపించని ఖర్చులు అడిగి రాసుకోండి: పుస్తకాలు, ల్యాబు కిట్టు, పరీక్ష కాపలాకి ఇచ్చే రుసుము, గడువు పొడిగిస్తే కట్టే డబ్బు, మధ్యలో మానేస్తే తిరిగిచ్చేదెంత. ఈ చివరిది మేం అడగలేదు. అన్నీ ఒకే బడిలో చదవాలని కూడా లేదు. ఇంగ్లీషు, కెమిస్ట్రీ బయట, లెక్కలూ చరిత్రా ఇంట్లో, ఇలా ఒకటి రెండు కోర్సులతో మొదలుపెట్టి చూసినవాళ్లు తొందరపడినవాళ్లకంటే సుఖపడ్డారు.

7. పరీక్ష ఎక్కడ రాయాలో ముందే తేల్చుకోండి

చాలా బడుల్లో చివరి పరీక్ష ఎవరైనా కాపలా కూర్చోగా రాయాలి. ప్రాక్టర్ అంటారు. తల్లిదండ్రులు పనికిరారు. మా ఊరి లైబ్రరీలో ఒక పెద్దావిడ ఆ పని చేసేది. పెన్సిళ్లు తనే చెక్కి ఉంచేది. ఇప్పుడు చాలావరకు కెమెరా పెట్టి చూస్తున్నారు.

ఏపీ, అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షల సంగతి వేరే. కోర్సు ఆన్‌లైన్‌లో చదివినా, మేలో జరిగే పరీక్ష దగ్గర్లోని ఏదో ఒక హైస్కూల్లో కూర్చుని రాయాలి. ఆ బడి మీ బిడ్డకి చోటివ్వాలి. పేరు నమోదుకి గడువు నవంబరు నడుమనే ముగిసిపోతుంది. ఆగస్టులోనే రెండు మూడు హైస్కూళ్లకి ఫోన్ చేయండి. నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కి లెక్కకొచ్చే పీఎస్‌ఏటీ పరీక్ష అక్టోబరులో ఉంటుంది, పదకొండో తరగతిలో రాయాలి. దానికీ ఇదే తంతు.

8. ఆటలాడే పిల్లలుంటే

కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ మొదటి రెండు డివిజన్లలో టెన్నిసో ఈతో ఆడాలనుకునేవాళ్లు ఆ సంస్థ ఒప్పుకున్న కోర్సులు చదవాలి. వాళ్లు పదహారు కోర్ కోర్సులు అడుగుతారు. ఆన్‌లైన్ కోర్సు అయితే టీచరుకీ విద్యార్థికీ మధ్య రాకపోకలు నిజంగా జరిగి ఉండాలంటారు. బడి పేరుతో ఎన్‌సీఏఏ జాబితాలో వెతికితే కోర్సు కోర్సుకీ తెలిసిపోతుంది.

9. ఇండియాలో ఉండి చేర్చేవాళ్లు, ఇండియాకి తిరిగెళ్లేవాళ్లు

విజయవాడ నుంచి మా పిన్నికూతురు అడిగింది, ఈ బడిలో చేరితే పిల్లవాడికి స్టూడెంట్ వీసా వస్తుందా అని. పూర్తిగా ఆన్‌లైన్ చదువుకి ఎఫ్-1 వీసా ఇవ్వరు. ఇంట్లోంచే చదవాలి.

డిప్లొమా తీసుకుని ఇండియాలో కాలేజీలో చేరాలనుకుంటే ఆ పని చూసే అక్కడి సంస్థ సమానత్వ పత్రం ఇవ్వాలి. మీరు చూస్తున్న బడి డిప్లొమాని, అదీ ఆన్‌లైన్‌లో చదివినదాన్ని ఒప్పుకుంటారా అని చేరకముందే ఉత్తరం రాసి జవాబు దగ్గర పెట్టుకోండి. నీట్ ఆలోచన ఉంటే ఇంకా జాగ్రత్త. అమెరికాలో మామూలుగా తొమ్మిదిలో బయాలజీ, పదిలో కెమిస్ట్రీ చదివి వదిలేస్తారు. మనవాళ్లు పదకొండు, పన్నెండు తరగతుల్లో చూస్తారు. పై తరగతుల్లో ఆ సబ్జెక్టులు మళ్లీ పడేట్టు నాలుగేళ్ల ప్రణాళిక ముందే వేసుకోవాలి.

10. చేర్చాక మీరు ఒక అడుగు వెనక్కి వేయండి

మా అమ్మాయికి ఇది అన్నిటికంటే కష్టమైంది. ఐదేళ్లు వాడికి అమ్మా, టీచరూ తనే. రెండో బడిలో చేర్చాక కూడా వ్యాసం పంపేముందు తను చదివి సరిదిద్దేది, వాడికి సందేహం వస్తే టీచరుకి తనే మెయిల్ రాసేది. తర్వాతి అక్టోబరులో, పసుపు వ్యాసం దిద్దిన ఆ టీచరు ఫోన్ చేసి, "మీ అబ్బాయి తప్పులు నాకు కావాలి, అవి మీ దగ్గరే ఆగిపోతున్నాయి" అని నెమ్మదిగా చెప్పింది. మా అమ్మాయి ఫోన్ పెట్టేసి చాలాసేపు కిటికీ దగ్గర నిలబడింది. ఆ రోజు నుంచి వాడి గదిలోకి కాఫీ, పళ్లముక్కలు మాత్రమే తీసుకెళ్లింది.

పన్నెండో తరగతిలో కాలేజీలకి దరఖాస్తులు పెట్టినప్పుడు సిఫార్సు లేఖ రాసింది ఆ టీచరే. లేఖలో ఏముందో మాకు తెలియదు, తెలుసుకోకూడదు కూడా. పసుపు చేను గురించి రాసిందేమోనని నాకు ఆశ.

11. ఇప్పుడు చిన్నదాని వంతు

మనవరాలు ఎనిమిదిలో ఉంది. దీనికి అన్నలాగ వ్యాసాల గొడవ లేదు, రోజూ కథలు రాస్తుంది, నలుగురికీ చదివి వినిపిస్తుంది. దీనికి తక్కువైంది ప్రయోగాలు చేసే చోటు, చెయ్యి తిరిగిన కెమిస్ట్రీ టీచరు. ఫ్రిజ్ తలుపు మీద కొత్త కాగితం అంటించింది, తనే తన దస్తూరీతో రాసుకుంది. పోయిన శనివారం ముగ్గురం కూర్చుని మూడు బడులకి రాశాం, దిద్దిన ల్యాబు రిపోర్టు ఒకటి పేరు చెరిపేసి పంపమని. ఒక బడి నుంచి నిన్న వచ్చింది. ప్రింటు తీసి, కళ్లజోడు పెట్టుకుని, నేనూ అదీ ఒక్కో వాక్యం చదువుతున్నాం. మూడో పేజీలో ఉన్నాం.